వాల్యా జీపుకు పర్మిటు

మానుకోట, ఏప్రిల్ 1982

వరంగల్ ప్రాంతీయ రవాణా అధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: వాల్యా అను వ్యక్తి పర్మిటు లేకుండ నడుపుచున్న జీపుపై ఫిర్యాదు; మరియు సదరు జీపుకు తక్షణమే పర్మిటు మంజూరు చేయుటకు ప్రార్థన.

మానుకోట రైల్వే స్టేషను ఎదుట కిరాయి వ్యాను నడుపుకొను పురుషోత్తం తమకు విన్నవించుకొనునది:

1. నా వ్యానుకు పర్మిటు, ఫిట్‌నెస్, బీమా, పన్ను రసీదు అన్నియు సక్రమముగా ఉన్నవి. మందుల డబ్బా గలదు. అందులో టింక్చరు సీసా కూడా గలదు. బ్రేకు ఇన్‌స్పెక్టరు గారు చూసి మెచ్చుకొన్నారు. మెచ్చుకొన్నది వారొక్కరే. నా వ్యాను నీడలో జనము కూర్చుండి వాల్యా జీపు కొరకు ఎదురుచూచుచున్నారు.

2. వాల్యా మా ఊరికి ఆనుకొని ఉన్న తండావాడు. అతని జీపుకు ఒక్క కాగితము లేదు. మనుషులు, మేకలు, వడ్ల బస్తాలు అన్నియు ఒక్కటిగా ఎక్కును. చేయెత్తిన చోటల్లా ఆగును. నాది మొత్తము బండి మాట్లాడుకొన్నవారికే నడుపు పర్మిటు గనుక దారిలో ఒక్కొక్కరిని ఎక్కించుకొనరాదు. ఒకనాడు బుచ్చవ్వ అను ముసలావిడ చేయెత్తగా ఆపి, ఈ నిబంధన సవివరముగా బోధించితిని. బండి ఖాళీగానే ఉన్నది. ఆమె లోపలికి తొంగిచూసి, "రూలు కూసున్నది గద బిడ్డా, ఇగ నాకు జాగేడిది" అన్నది.

3. పోయిన మాఘములో వాల్యా జీపు చెడిపోయినందున, తండా హీర్యా తన బిడ్డ జమ్లీ పెండ్లికి నా వ్యాను మాట్లాడెను. డోర్నకల్ దాటి పొరుగు జిల్లాకు పోవలసి యుండగా ప్రత్యేక పర్మిటు తెచ్చితిని. దానికి సాయంత్రము వరకే గడువు. అత్తవారింటికి పోవు పిల్ల ఒక్కొక్కరి మెడ పట్టుకొని పాడుచు ఏడ్చుట వారి ఆచారము. తండా అంతయు వరుసగా నిలబడియున్నది. పొద్దు వాలుచున్నది. నేను హారను కొట్టితిని. పాట ఆగిపోయినది. హీర్యా నా దగ్గరకు వచ్చి మెల్లగా చెప్పెను: "పటేలా, పిల్ల ఇంక వాళ్ల అవ్వను పట్టుకొని ఏడ్వలే. నువ్వు పో."

నేను బండి తిప్పుచుండగానే వాల్యా ఎట్లో బాగుచేయించుకొన్న జీపుతో వచ్చి, ఇంజను బంద్ చేసి, ఆ వరుసలో పోయి నిలబడెను. తన వంతు రాగా తానును ఏడ్చెను. పెండ్లిపిల్లకు అతడు ఏ వరుసయు కాడు. విచారించితిని.

4. (ఈ అంశము నా ఇంటిది గనుక కొట్టివేసినాను.)

5. నా మునుపటి అర్జీ మీద తమ సిబ్బంది సదరు జీపును పట్టి పోలీసు స్టేషనులో పెట్టిరి. అన్ని రోజులును జనము ఎర్రటి ఎండలో నడిచిరే గాని నా వ్యాను ఎక్కలేదు. జీపు విడుదలైన నాడు దానికి బంతిపూల దండలు వేసి హారతి పట్టిరి. పళ్లెము పట్టుకొన్నది నా భార్య ప్రమీల. కొట్టివేసిన అంశము ఇదియే. ఇంటికి వచ్చి నిలదీయగా ఆమె చెప్పినది: "నీ కాయిదాలన్ని మంచియే. గని నిన్ను చూసి ఎవలన్న ఒక్కలు నవ్విన్రా?"

అయ్యా, నాకు కడుపు మండుచున్నది. ఈ మాటకు దఫ్తరు భాషలో వేరొక మాట వెతికితిని, లేదు.

కావున ప్రార్థన ఏమనగా, అతనిని ఇక శిక్షించరాదు. శిక్షించిన కొలది పెద్దవాడగుచున్నాడు. అతనికి పర్మిటు ఇవ్వవలెను. నాకు ఇచ్చినదే, అన్ని షరతులతో ఇవ్వవలెను. లెక్కకు మించి ఎక్కించుకొనరాదు, దారిలో ఆగరాదు, గడువు దాటరాదు. మందుల డబ్బా నేనే కొనిపెట్టెదను. అటుపిమ్మట అతనికి ఎవరు హారతి పట్టెదరో చూడవలెనని నా కోరిక. దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పురుషోత్తం

తాజా కలము: పర్మిటు దరఖాస్తు మీద వాల్యా సంతకము కొరకు నిన్న తండాకు పోయితిని. షరతులన్నియు చదివి వినిపించితిని. అతడు కోపగించలేదు. మంచము వాల్చి, నన్ను కూర్చుండబెట్టి, "ఇన్నిటిని ఒక్కనివే ఎట్ల మోస్తున్నవే అన్నా? జర చాయ్ తాగు" అన్నాడు. నన్ను చూసి అతడు ఈర్ష్యపడవలసినది. జాలిపడినాడు. చాయ్ తాగితిని, బాగుండెను.

సంతకము అడుగలేదు. పైన కోరిన పర్మిటు అతనికి ఇవ్వవద్దు. పిలిచిన చోట ఆగి మనుషులను ఎక్కించుకొను పర్మిటు తమ దఫ్తరులో ఏదైనా ఉన్నచో, అది మా ఇద్దరికి ఇప్పించగలరు. అతని కంటే ఒక్క దినము ముందైనా, నాకు.