షెడ్డుకు తెర ఎందుకు?

షెడ్లు అమ్మేవాడు భోజనం వేళకు వస్తాడు. చెక్కది మన తాహతుకు మించింది, రేకుదే ఖాయం చెయ్యి. కింద ముందు ఇటుకలు పరిపించు, లేకపోతే చెమ్మకు పారలు తుప్పు పడతాయి. నువ్వడిగిన లేత పసుపు రంగు డబ్బా మెట్ల కింద పెట్టాను.

షెడ్డు కిటికీకి తెర కుట్టావు, లోపలికని కుర్చీ తీసి పెట్టావు. పారకూ గడ్డపారకూ తెర ఎందుకని నిన్నటి నుంచి నాకు మనసు కుదురుగా లేదు. ప్రార్థన మధ్యలోనూ అదే ఆలోచన. "దేవుడికేమన్నా చెవుడా, అంత గట్టిగా పిలుస్తారు?" అని మొన్న నవ్వుతూ అన్నావు. నా గొంతు భరించలేకేనా ఆ కుర్చీ? నన్ను భరించలేక కాదు కదా?

గొంతే అయితే ప్రార్థనకు షెడ్డులోకి నేనే వెళతాను. సాయంత్రం నిజం చెప్పు.

నొచ్చుకోనని రాయబోయాను, అది అబద్ధమవుతుంది. అయినా చెప్పు.