ఎడమ సీటు కోసం ర్యాలీ

1-6-2004, మంగళవారం

అబ్బాతో మళ్లీ గొడవ. మా డ్రైవింగ్ స్కూల్‌కి వచ్చే ఆడవాళ్లు లేడీ ఇన్‌స్ట్రక్టర్ ఉన్నారా అని అడుగుతూనే ఉన్నారు. నాకు లైసెన్స్ వచ్చి ఏడాదిన్నర. అయినా నేర్పేవాళ్లు కూర్చునే ఎడమ సీటు కాశీరావు గారిదే. ఇరవై రెండేళ్ల సర్వీసు, బండికి ఒక్క గీత పడలేదట. ఎల్ఎల్ఆర్ టెస్ట్ ప్రాక్టీస్‌కని కొన్న కంప్యూటర్‌లో కార్ల ర్యాలీ గేమ్ ఉందిగా, ఆదివారం అందులో ఆయన్ని ఓడించు, సీటు నీదే అన్నారు అబ్బా. నవ్వుతూనే అన్నారు. అమ్మీ సాక్షి. ఇక వదలను.

2-6-2004

మట్టి రోడ్డు స్టేజి. ఆరుసార్లు బోల్తా.

3-6-2004, మధ్యాహ్నం 3

సెటప్ అంతా మార్చాను. కారు ఎత్తు పెంచాను, స్ప్రింగులు మెత్తగా పెట్టాను, గేర్లు దగ్గర దగ్గరగా వేశాను. వానాకాలంలో కంకిపాడు వైపు కాలవగట్టు మీద పోయే జీపును తలచుకుని చేశాను. పనిచేసింది.

ఇక మలుపులు. కుడి మలుపైతే ముందు కాస్త ఎడమకి తిప్పి, యాక్సిలరేటర్ వదిలేసి, ఒక్కసారిగా కుడికి కోయాలి. బండి వెనక భాగం దానంతటదే తిరుగుతుంది. అప్పుడు మళ్లీ తొక్కాలి. చపాతీ కర్రతో అమ్మీకి చూపించాను. పిండి గిన్నె కిందపడింది. బాగా తిట్టింది.

4-6-2004

కాశీరావు గారు ప్రాక్టీస్‌కి కూర్చున్నారు. సెటప్ ఏం కావాలని అడిగితే, టైర్లలో గాలి చూశారా అమ్మాయిగారూ అన్నారు. ఇండికేటర్ కోసం కీబోర్డంతా వెతికారు. లేదని చెప్తే మానిటర్ పక్కకి చెయ్యి చాపి, సిగ్నల్ చూపించి, కుడికి తిరిగారు. పదకొండు నిమిషాలు పట్టింది. నాది ఐదు. పాపం అనిపించింది.

5-6-2004

రేపు గెలుస్తాను.

6-6-2004, ఆదివారం

ఓడిపోయాను. స్టూడెంట్లంతా చూస్తుండగా. మూడుసార్లు జారాను, మూడుసార్లూ బండిని రోడ్డు మీదికి లాక్కొచ్చాను. ఆఖరి మలుపులో తొందరపడ్డాను. చక్రాలు పైకి. కాశీరావు గారు చెయ్యి చూపించుకుంటూ పదకొండు నిమిషాలకి క్షేమంగా చేరారు. అబ్బా అందరికీ టీ తెప్పించారు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

అప్పుడు సంపూర్ణమ్మ గారు లేచారు. గుణదల స్కూల్లో టీచరు. రెండేళ్ల కిందట కాశీరావు గారి దగ్గరే నేర్చుకుని లైసెన్స్ తీసుకున్నారు, మొన్న మళ్లీ మొదటి నుంచీ చేరారు. నన్ను చూపిస్తూ, జారిన బండిని ఫిర్దౌస్ ఎలా లాక్కొచ్చిందో నాకది కావాలండీ అన్నారు. కాశీరావు గారు పక్కనుంటే నా బండి చక్కగా ఆగేదండీ, సొంత కారులో ఒక్కదాన్నే కూర్చున్నాక తెలిసింది, నేనెప్పుడూ బ్రేకు వెయ్యనేలేదని అన్నారు.

ఎడమ సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది మరి. ఇరవై రెండేళ్లుగా అందరి బ్రేకూ ఆయనే తొక్కుతున్నారు. కాశీరావు గారు టీ గ్లాసులోకి చూస్తూ, ప్రాణం ఒప్పదండీ అన్నారు.

 అబ్బా కారు తాళాలు నా వైపు జరిపారు.

7-6-2004, ఉదయం 7

బందరు కాలువ గట్టు. సంపూర్ణమ్మ గారు, నేను. ఎదురుగా గేదె. ఆవిడ నా వైపు చూశారు. నేను రెండు కాళ్లూ సీటు మీదికి ముడుచుకున్నాను. గేదెకి జానెడు దూరంలో కారు ఆగింది. ఆవిడే ఆపారు. ఆవిడ నవ్వుతున్నారు. నా కాళ్లు ఇంకా కిందికి దిగడం లేదు.