నయమైతే పోయే ఉద్యోగం

ప్రియమైన అక్కకి,

నువ్వు కోప్పడతావని తెలిసే రాస్తున్నాను. మా మున్సిపాలిటీ నా నర్సు పోస్టుని క్షయ నిధి కింద పెట్టింది కదా. ఊళ్ళో ఇప్పుడు మిగిలిన క్షయరోగి ఒక్కడే, బస్సు డ్రైవరు. అతనికి నయమైతే నిధి ఆగిపోతుంది, నా కుర్చీ లేచిపోతుంది. పిల్లలకి టీకాలు వేసేదీ, కుళాయి నీళ్ళు పరీక్షకి పంపేదీ నేనేనని ఛైర్మన్ దగ్గర మొత్తుకున్నాను. "వాటికి పద్దు లేదమ్మా" అన్నాడు. ఈ సంగతి తెలిసి డ్రైవరు, "నేను మాత్రలు మానేస్తే మీ ఉద్యోగం ఉంటుందా?" అని అడిగాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చీవాట్లు పెట్టి పంపాను.

నీ చెల్లి

ఒసే మొండిదానా,

ఏడుపులు కట్టిపెట్టి వచ్చెయ్. ఇక్కడ మా మున్సిపాలిటీ ఆరోగ్యశాఖకి పేరుకి ఆఫీసర్ని నేను, చాకిరీ చేసేదీ నేనే. జీతంతో సహా నర్సు పోస్టు ఏడాదిగా ఖాళీ, మనిషి దొరకడం లేదు. మీ దగ్గర మనిషి ఉంది, పోస్టు లేదు. ఇంకా ఆలోచన దేనికే? అమ్మ పోయాక ఈ ఇంట్లో తిన్నావా అని అడిగే దిక్కు లేదు నాకు.

నీ అక్క

అక్కా,

నిన్న బస్సు కడిగే ఆయన సగం కరిగిన మాత్రలు గుప్పెడు తెచ్చి నా బల్ల మీద పోశాడు. డ్రైవరు సీటు కింద దొరికాయట. నా ఎదురుగా నోట్లో వేసుకుని, బుగ్గన దాచి, బస్సెక్కి ఉమ్మేస్తున్నాడు మహానుభావుడు! ఒళ్ళు మండిపోయింది. నిలదీస్తే, "మా పాపకి ఇంకా టీకాలు మిగిలాయి. మీరు పోతే ఎవరేస్తారు?" అన్నాడు.

అదృష్టం బాగుండి కళ్ళె పరీక్షలో క్రిములు కనబడలేదు. కానీ మధ్యలో ఆపేశాడు కాబట్టి మందులు మళ్ళీ మొదటి నుంచి వాడాలి. అవి పూర్తయ్యేవరకూ నా పోస్టు పొడిగించారు. "కాస్త నిదానంగా నయం చెయ్యమ్మా" అని ఛైర్మన్ నవ్వాడు. ఒకడి రోగం మీద జీతం తినలేనక్కా. నేనిక్కడ ఉన్నంతకాలం అతను మింగడు. అందుకే రాజీనామా రాశాను, రేపు ఇచ్చేస్తాను. అతని బస్సు రోజూ మీ ఊరికే వస్తుంది. మీ బస్టాండులో నిలబడి నేనే మింగిస్తాను. ఇక్కడి పిల్లలకి టీకాలు ఎవరేస్తారన్నది మాత్రం తేలలేదు.

ఆదివారం వస్తున్న
నీ చెల్లి

బంగారు తల్లీ,

రావద్దు. ఆ రాజీనామా ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకో.

నీ ఉత్తరం పట్టుకుని మా కౌన్సిల్ మీటింగుకి వెళ్ళాను. "పక్క ఊరి జబ్బులకి మన డబ్బా?" అని ఒకాయన లేచాడు. "అక్కడ పుట్టే ప్రతి జబ్బూ పొద్దున్నే బస్సెక్కి మన దగ్గరే దిగుతుంది, ఆపగలరా?" అన్నాను. చాలాసేపు అరుచుకున్నాక ఒప్పుకున్నారు. మా ఖాళీ పోస్టు నీకే. జీతం మేమిస్తాం, కుర్చీ మీ ఊళ్ళోనే. ఇక నీ ఉద్యోగం ఏ రోగి కిందా లేదు. నిశ్చింతగా నయం చేసుకోమని డ్రైవరుకి చెప్పు.

నీకోసం ముందుగదికి సున్నం వేయించాను. మంచం కిటికీ పక్కకి జరిపించాను. నిన్న దాని మీద కూర్చుని ఏడ్చాను, నీ దగ్గర దాపరికం ఏముంది. ఏడాదిగా నిన్ను రమ్మని పోరింది నేనే. నువ్వు రాకుండా కౌన్సిల్ చేత సంతకం పెట్టించిందీ నేనే.

నీ అక్క