అమ్మ చీర కప్పిన కంప్యూటర్

ఆదివారం, రాత్రి

వరి ఊడ్పుల్లో అమ్మమ్మ పాడిన పాటలన్నీ నా పాత కంప్యూటర్‌లోనే ఉన్నాయి. ఆవిడ పోయాక, రాజమండ్రిలో ఉద్యోగానికి వెళ్తూ దాన్ని అమ్మకి అప్పజెప్పాను. వాడితే అరిగిపోతుందని అమ్మ ఇన్నేళ్లూ స్విచ్ వేయలేదు. తన పట్టుచీర కప్పి, ఏటా దసరాకి బొట్టు పెట్టింది.

ఈ సాయంత్రం ఆన్ చేస్తే తెర రావడానికే చాలాసేపు పట్టింది. కేబుల్ మార్చినా అంతే. పాటలు దాచి ఉన్న ఎస్‌ఎస్‌డీని పరీక్షించే ప్రోగ్రామ్ పెడితే, అది పాడవుతోందని ఎర్ర అక్షరాలు వచ్చాయి. అరిగిన ఎస్‌ఎస్‌డీకి ఏళ్ల తరబడి కరెంటు తగలకపోతే అందులోవి చెదిరిపోవచ్చట. వెంటనే పాటలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. మూడు వచ్చాయి. నాలుగోది సగంలో ఆగిపోయింది.

“ఏంటే, నేనేమైనా పాడుచేశానా?”

“లేదమ్మా, దానికి వయసైపోయింది.”

నిజం చెప్పడానికి నోరు రాలేదు.

“వేడెక్కిపోతోంది, కాసేపు కట్టెయ్యవే.”

“వద్దమ్మా. ఆపితే మళ్లీ లేస్తుందో లేదో.”

ఏ పాట ఆగిందో అడిగి, అమ్మ దాన్ని అందుకుంది. నేను ఫోన్‌లో రికార్డు చేశాను. రెండు చరణాలు పాడి ఆగింది.

“మిగతాది మా అమ్మకే వచ్చేది,” అంది.

కంప్యూటర్ ఇంకా వెలుగుతూనే ఉంది. అమ్మ చీర మడిచి ఒళ్లో పెట్టుకుని దాని ముందే కూర్చుంది.