సూది కోసం మూసే కన్ను

చిట్టితల్లీ, కంగారు పడకు, చల్లని కబురే రాస్తున్నాను. నా ఎడమ కన్ను నిలిచింది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఆ కన్ను మూయడం నా అలవాటు కదా, దాని చూపు అంచుల నుంచి తగ్గిపోతున్నా తెలియనే లేదు. నీటికాసులట, గ్లాకోమా అంటారట. పోయిన చూపు రాదు గానీ, చుక్కల మందుతో కంట్లో ఒత్తిడి దిగిందనీ, మానకుండా వేసుకుంటే ఉన్న చూపు దక్కుతుందనీ డాక్టరమ్మ చెప్పింది. నా ఆనందం ఈ కార్డులో పట్టదు తల్లీ. చుక్కలు వేసేది మీ అమ్మే. "పెళ్లయిన ఇన్నేళ్లకి కదలకుండా కూర్చుని నా మాట విన్నారు," అంటోంది. అల్లుడుగారి దగ్గు తగ్గిందా? ఈ జబ్బు నొప్పి లేకుండా వస్తుంది, కన్నవాళ్ల నుంచి పిల్లలకూ రావచ్చట. నువ్వూ దర్జీ పనిలోనే ఉన్నావు, నాలాగే ఎడమ కన్ను మూస్తావు. ఈ వారమే పరీక్ష చేయించుకుని జవాబు రాయి. నీ రెండు కళ్లూ చల్లగా ఉండాలి.

మీ నాన్న