మేకలా అరవడానికి ఇంగ్లీషెందుకు?

చెల్లెమ్మా శాంతీ,

నాకు మాట్లాడడం రాదని మోషే మొరాయిస్తే దేవుడు సరే, మానెయ్యి అన్నాడా? మరి ఇంగ్లీషు రాదన్న ఒక్క సాకుతో, శ్రీలంకలో మన సంఘం పెట్టే పిల్లల క్యాంపుకి నువ్వెలా రానంటావు? ఫోను ఎత్తడం లేదు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నిరుడు అక్కడ జరిగింది నీకెవరూ చెప్పలేదు. సిగ్గుతో నేనే చెప్పనివ్వలేదు. మొదటిరోజు తేయాకు తోటల పిల్లలు నలభై మంది వచ్చారు. నేను నోవహు కథ ఎత్తుకుని, గజపతినగరం కూటాల్లో లాగే గొంతు చించుకుని ఉరిమాను. నా మాట తమిళంలోకి మార్చేలోపే చిన్నపిల్లలు ఏడుపు లంకించుకున్నారు. మన సంఘం నుంచి నాతో వచ్చిన బేబీ అక్క నా చేతిలో మైకు లాగేసుకుంది. “జలప్రళయం గురించి సెప్పమంటే, పిల్లల కళ్లంట తెప్పించీసినావేటి తమ్ముడా!” అంది. మర్నాడు పదకొండు మందే వచ్చారు.

అదే కథకి నువ్వు గోనెపట్టా పరిచి, ఇదే ఓడ అంటావు. మన సండేస్కూలు పిల్లలు మేకల్లా, కోతుల్లా అరుస్తూ ఎక్కుతారు, దిగమన్నా దిగరు. ఆ అరుపులకి ఇంగ్లీషెందుకమ్మా? ఈసారి కూడా నేనే చెప్తే ఆ తల్లులు ఇక పిల్లల్ని పంపరు. నేను వంట చేస్తాను, కథ నువ్వే చెప్పాలి.

పాస్టరుగారు ఈ సాయంత్రం నాలుగింటికి చీపురుపల్లిలో అందరి టికెట్లు తీసేస్తున్నారు. ఈ ఉత్తరం తెచ్చిన విక్టర్ ఆటోతో నీ గుమ్మం ముందే ఉంటాడు. బీరువాలోంచి పాస్‌పోర్టు తీసుకో, ఇప్పుడే ఎక్కు, ఈరోజే చీపురుపల్లి రా!

ప్రభువునందు నీ అన్నయ్య