గార్డియన్ కాలమ్‌లో ఉన్న పేరు గురించి

బాలల న్యాయస్థానం రికార్డు విభాగం అధికారి గారి సముఖమునకు, బడి యూనిఫారాలు కుట్టుకొని బ్రతుకు ఒక దర్జీ మనిషి వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా అక్క కూతురి కేసు ఫైలుకు కోర్టు వారి ఉత్తర్వు ప్రకారం సీలు వేయించుట గురించి, అంతకన్నా ముందు గార్డియన్‌కు పంపబోవు నోటీసును ఆపించుట గురించి.

పిల్ల పేరు ఇందులో వ్రాయలేదు. పేరు లేని అర్జీ చెల్లదని ఇప్పటికి రెండుసార్లు తిప్పి పంపినారు. అయినా వ్రాయను. తమ కౌంటరు గుమస్తాకు అర్జీలు పైకి చదివే అలవాటున్నది. మెట్ల దగ్గర కూర్చుని టైపు కొట్టే ఆయనకూ అదే జబ్బు. అందుచేత నా చేత్తోనే వ్రాసుకొంటున్నాను. ఫైలు నంబరు వేరే చీటీ మీద వేసి, కవరులో పెట్టి, దాని మూతి దారంతో కుట్టినాను. ఎవరైనా విప్పి మళ్ళీ కుడితే నాకు తెలిసిపోతుంది.

1. పిల్ల తల్లీ తండ్రీ ఏడాది తేడాలో పోయినారు. దానికి పదమూడేళ్ళప్పుడు సొంత పెదనాన్న హోటల్లో పని ఇప్పిస్తానని తీసుకువెళ్ళి ఒక ఇంటివాళ్ళకు అమ్మివేసినాడు. పోలీసులు ఆ ఇంటిమీద పడిన రోజున పిల్ల దగ్గర దొంగ గుర్తింపు కార్డు దొరికినది. కార్డు చేయించినవాళ్ళు గోడ దూకి పోయినారు, కేసు పిల్ల మీద పడినది. మొదటి వాయిదాకు ఆ పెదనాన్నే వచ్చి, కళ్ళు తుడుచుకుంటూ, గార్డియన్ అని సంతకం పెట్టినాడు.

2. తర్వాత నిజం బయటపడినది. ఇది ముద్దాయి కాదు, బాధితురాలని జడ్జి గారు తేల్చి, కేసు కొట్టివేసి, పిల్లను పిన్నినైన నాకు అప్పగించి, ఫైలు ఇక ఎవరి కంటా పడకుండా సీలు వేయమన్నారు. పెదనాన్నను మాత్రం సాక్ష్యం చాలక వదిలిపెట్టినారు. ఉత్తర్వు వచ్చి పదకొండు నెలలైనది. నా చెప్పులు అరిగినవి గాని సీలు పడలేదు.

3. ఎందుకు పడలేదని పోయిన నెల అడిగితే తమ గుమస్తా చెప్పిన జవాబు యథాతథంగా వ్రాస్తున్నాను.

"సీలు వేసేముందు గార్డియన్‌కి నోటీసు వెళ్ళాలమ్మా. ఆయనకేమన్నా అభ్యంతరముంటే చెప్పుకోవాలి కదా."

"గార్డియన్ని నేనేగా బాబూ?"

"మీరు ఉత్తర్వులో ఉన్నారు. ఫైలు మొదటి పేజీలో పెదనాన్నగారున్నారు. మేం చూసేది మొదటి పేజీ."

"ఆ పెదనాన్నగారే పిల్లని అమ్ముకున్నది!"

"అది మా సెక్షన్‌కి సంబంధం లేదమ్మా. కాలమ్ ఉంది, కాలమ్‌లో పేరుంది."

నోటీసు నమూనా చూపించమన్నాను. చూపించినాడు. అందులో 'బాలిక ప్రస్తుత నివాసం' అని ఇంకొక కాలమ్ ఉన్నది. మా వీధి, మా ఇంటి నంబరు, ముత్యాల్లాంటి అక్షరాలతో నింపి పెట్టినారు. పిల్ల ఎక్కడున్నదో ఆ పెదనాన్నకు తెలియకూడదనే కదా మేము ఇల్లు మారినది! "ఇంకా పంపలేదులెండి, ఆఫీసరుగారి సంతకం కావాలి" అన్నాడు. ఆ మాట నమ్మినాను.

4. మొన్న గురువారం మా ఇంటి ముందు గదిలోనే ఉన్న నా షాపునకు ఒక మనిషి ప్యాంటు తెచ్చినాడు. అంచు ఊడిపోయింది, కుట్టిపెట్టమన్నాడు. ఊడిపోయిన అంచు ఎట్లుంటుందో ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. అది ఊడలేదు, బ్లేడుతో కోసినారు. కోసిన దారపు ముక్కలు ఇంకా గుడ్డలోనే ఉన్నవి. పని చేయించుకొనుటకు తన ప్యాంటు తానే కోసుకొనేవాడిని నేనింతవరకు చూడలేదు. నేను కుడుతుండగా లోపలి గది కర్టెన్ వైపు చూస్తూ, "ఒక్కరే చేస్తారామ్మా పనంతా? ఇంకో అమ్మాయి ఉందన్నారే?" అని అడిగినాడు.

"ఎవరన్నారు?" అన్నాను.

"ఊరికే అన్నాన్లెండి" అని నవ్వినాడు.

లోపల కాజాలు కుడుతున్న పిల్ల ఆ గొంతు విన్నది. ఆనాటి నుంచి ముందు గదిలోకి రావడం లేదు. మెషీను చప్పుడు వీధిలోకి వినబడుతుందని చేతి కుట్టే కుడుతున్నది. నోటీసు వెళ్ళలేదు కదా, మరి వీడికెట్లా తెలిసినది? తమ సెక్షన్‌లో ఎవరో నోరు జారినారని నా అనుమానం.

5. తమరిని కూడా అనుమానిస్తున్నానని అనుకోవద్దు అని వ్రాయవలెననుకొన్నాను. కాని అనుమానిస్తున్నాను. సంతకం తమదే కదా. చదివి పెడతారో, చదవకుండా పెడతారో నాకేమి తెలుసు?

కావున మొదటి పేజీలో ఆ పేరు కొట్టివేయించి, నోటీసు చింపించి, ఫైలుకు సీలు వేయించవలెనని, ఈ ఒక్క కాగితమైనా కింది వారి చేతికి ఇవ్వక తమరే స్వయంగా చిత్తగించవలెనని ప్రార్థన.

తమ విధేయురాలు (అదీ ఈ పని అయ్యేవరకే),
పిల్ల పిన్ని

తా.క. ఇది తమ వరండాలో బెంచీ మీద కూర్చుని వ్రాస్తున్నాను. కవరు ఇవ్వబోతే తమ గుమస్తా రిజిస్టరు తిప్పి, "మీ పని సగం అయిపోయిందమ్మా! నోటీసు పోయిన సోమవారమే వెళ్ళింది. అందినట్టు కార్డు కూడా వచ్చేసింది, చూడండి" అని సంతోషంగా చూపించినాడు. కార్డు మీద ఆ పెదనాన్న సంతకం ఉన్నది. నోటీసు కింద తమ సంతకం ఉన్నది.

పిల్లకు ఫోను చేసినాను. వెనక తలుపు గుండా పక్కింటి అత్త ఇంట్లోకి వెళ్ళి గడియ పెట్టుకోమన్నాను. "పిన్నీ, మళ్ళీ కోర్టుకి రావాలా?" అని అడిగింది. వద్దమ్మా అన్నాను. "నేనేం తప్పు చేశాను?" అంది. ఏం చెప్పమంటారు? చీకటి పడకముందే ఈ ఊరు వదులుతున్నాం.

సీలు ఎప్పుడు వేసినదీ మాకు తెలియజేయనవసరం లేదు. జవాబు పంపవద్దు. మేము ఎక్కడికి వెళ్తున్నదీ తమకు మాత్రం చెప్పను.